ఆపడం కూడా సాధనే

చిన్న ట్రయథ్లాన్‌ను స్ప్రింట్ అంటారు. 750 మీటర్ల ఈత, వెంటనే 20 కిలోమీటర్ల సైకిల్, దిగగానే 5 కిలోమీటర్ల పరుగు. ఈతకూ సైకిల్‌కూ మధ్య తల తుడుచుకున్న సమయం, బూట్లు వేసుకున్న సమయం కూడా లెక్కలోకే వస్తాయి. 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో, మిషన్ బే ఒడ్డున, ఒక పరుగు క్లబ్బు వాళ్లు సరదాకి మొదలుపెట్టిన పోటీ ఇది. 2000 సిడ్నీ నాటికి ఒలింపిక్స్‌లోకి ఎక్కింది. ఒలింపిక్స్‌లో దూరాలు దీనికి రెట్టింపు. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో పాల్వంచలోనో ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపి, ఆ మిగిలిన సమయంలో సాధన చేసుకునేవాళ్లకు స్ప్రింటే సరైన మొదటి మెట్టు. గంటన్నర అటూ ఇటూగా ముగిసిపోతుంది.

నెలల తరబడి తెల్లవారుజామున లేచిన కష్టం గురించి అందరూ చెబుతారు. నన్ను ఆకట్టుకునేది మాత్రం పోటీకి ముందు ఆఖరి వారం. పనితనం చూడాలంటే అక్కడే చూడాలి. ఎందుకంటే ఆ వారంలో ఎంత చేసినా కొత్తగా బలం రాదు. చేసిన సాధన ఒంటికి పట్టడానికి అంతకంటే ఎక్కువ రోజులే కావాలి. పాడు చేసుకోవడానికి మాత్రం ఒక్క పూట చాలు. ఆరు నెలలు ఒళ్లు వంచిన మనిషికి చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. మంగళవారం నుంచే అనుమానాలు మొదలవుతాయి. కాలు కాస్త బరువుగా ఉంటే భయం, తేలిగ్గా ఉంటే ఇంకో పది కిలోమీటర్లు తొక్కి చూద్దామన్న ఆశ. రెండూ ప్రమాదమే.

దీని వెనక లెక్క ఉంది. 1975లో కెనడాలో ఎరిక్ బ్యానిస్టర్ బృందం ఒక నమూనా ప్రతిపాదించింది. చేసిన ప్రతి సాధనా ఒంట్లో రెండు ఖాతాల్లో పడుతుంది, ఒకటి సామర్థ్యం, ఇంకోటి అలసట. అలసట తొందరగా తరుగుతుంది, సామర్థ్యం నిదానంగా తరుగుతుంది. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉన్న రోజున పోటీ పడితే మనిషి తన అసలు సత్తా చూపిస్తాడు. 2007లో బోస్కే, ముజికా తదితరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి ఇంకాస్త కచ్చితంగా చెప్పారు. పోటీకి ముందు రెండు వారాల పాటు సాధన మొత్తాన్ని 41 నుంచి 60 శాతం దాకా తగ్గించాలి. అయితే వేగం తగ్గించకూడదు. వారానికి ఎన్నిసార్లు అన్నదీ పెద్దగా తగ్గించకూడదు. స్ప్రింట్‌కు, అందులోనూ వారానికి ఆరేడు గంటలకు మించి సాధన చేయలేని ఉద్యోగస్తులకు, ఒక వారం సరిపోతుంది. తోడు వేసిన గిన్నెను మాటిమాటికీ కదిపి చూస్తే పెరుగు గట్టిపడదు కదా, అంతే.

తగ్గించడమంటే పడుకోవడం కాదు. పనితనమంతా ఈ తేడాలోనే ఉంది. పోటీ ఆదివారమైతే సోమవారం సెలవు. మంగళవారం నలభై నిమిషాల సైకిల్. అందులో మూడు నాలుగు సార్లు రెండేసి నిమిషాలు పోటీ వేగంతో తొక్కి, దిగగానే పది నిమిషాల పరుగు. సైకిల్ మీంచి దిగిన మొదటి కొన్ని వందల మీటర్లు కాళ్లు మనవి కానట్టే ఉంటాయి. ఆ సంగతి ఒంటికి ఇంకోసారి గుర్తు చేయడమే ఆ పది నిమిషాల పని, అంతకు మించి ఏమీ లేదు. చివరి కిలోమీటరులో గేరు తేలిక చేసి, పాదాలు చకచకా తిరిగేలా తొక్కితే పరుగు తొందరగా కుదురుకుంటుంది. బుధవారం ఈత, గురువారం ఇరవై నిమిషాల పరుగు, అందులో ఇరవై సెకన్ల చొప్పున నాలుగైదు ఉరుకులు. శుక్రవారం పూర్తి విశ్రాంతి. శనివారం మూడూ ఒక్కోటి పది నిమిషాలు, చెమట పట్టీపట్టనట్టు. సాధన పుస్తకంలో ఈ వారం పేజీ దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. రాసినవాడి నైపుణ్యం ఆ ఖాళీలోనే ఉంది.

ఈతకు మన ప్రాంతంలో ఒక చిక్కు. నీళ్లకు కొదవ లేదు. గోదావరి ఉంది, కిన్నెరసాని ఉంది, పాలేరు ఉంది, వైరా ఉంది. కానీ కిన్నెరసాని జలాశయం అభయారణ్యంలో ఉంది, అందులో మొసళ్లున్నాయి. భద్రాచలం దగ్గర గోదావరి వానాకాలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎండాకాలంలో ప్రశాంతంగా కనిపించినా ఇసుక తిన్నెల పక్కనే లోతు గుంతలుంటాయి. కాబట్టి పడవా తోడూ లేకుండా నదిలో సాధన అన్న మాటే వద్దు, కొలనే దిక్కు. కొలనులో అడుగున గీత కనిపిస్తుంది, దాన్ని చూస్తూ తిన్నగా పోవచ్చు. చెరువులో జరిగే పోటీలో ఆ గీత ఉండదు. అందుకే బుధవారం ఈతలో తెలివైనవాళ్లు పక్కన ఎవరూ లేనప్పుడు పది బారలు కళ్లు మూసుకుని ఈదుతారు. కళ్లు తెరిస్తే తాము ఏ పక్కకు ఒరుగుతున్నారో తెలిసిపోతుంది. కుడికి ఒరిగేవాళ్లు పోటీ రోజున ఎడమవైపు గురుతులు చూసుకోవాలి. తల పూర్తిగా ఎత్తకుండా కళ్లు మాత్రం నీటిపైకి తెచ్చి ముందున్న బోయాను చూసుకునే పద్ధతిని కోచ్‌లు మొసలి చూపు అంటారు. కిన్నెరసాని పక్కన పెరిగినవాళ్లకు ఈ పేరు వింటే నవ్వొస్తుంది.

నేను గంటల తరబడి చూడగలిగే దృశ్యం మాత్రం వాకిట్లో తువ్వాలు పరచి చేసే సాధన. ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారడాన్ని ట్రయథ్లాన్ వాళ్లు నాలుగో ఆట అంటారు. తువ్వాలు మీద ముందు వరుసలో సైకిల్ సామాను, వెనక వరుసలో పరుగు సామాను. హెల్మెట్ బోర్లా కాదు, వెల్లకిలా, పట్టీలు రెండు పక్కలకు తెరిచి. అందులో కళ్లజోడు, కాడలు విప్పి. మేజోళ్లు మడమ దాకా ముందే చుట్టి, లోపల కాస్త పౌడరు. తడి పాదం తోస్తే జారిపోవాలి, లాగాల్సిన పని ఉండకూడదు. బూట్లకు మామూలు తాళ్లు తీసేసి సాగే తాళ్లు. నంబరు కాగితం నడుముకు కట్టే పట్టీకి ముందే గుచ్చి. ముందు కళ్లజోడు, తరవాత హెల్మెట్, పట్టీ బిగిసిన చప్పుడు వినిపించాకే సైకిల్ మీద చెయ్యి. ఇది అలవాటు కాదు, నియమం. పట్టీ పెట్టుకోకుండా సైకిల్ స్టాండు నుంచి కదిపితే శిక్ష పడుతుంది. తిరిగి వచ్చాక సైకిల్ స్టాండుకు తగిలించిన తరవాతే పట్టీ విప్పాలి. ఇదంతా సాయంత్రం పది నిమిషాల్లో ఐదారుసార్లు చేయొచ్చు, కాళ్లకు అలసటే ఉండదు. నిమిషమున్నర పట్టే పని నలభై సెకన్లకు దిగుతుంది. ఆ యాభై సెకన్లను పరుగులో సంపాదించాలంటే ఎన్ని నెలలు పడుతుందో పరుగెత్తేవాళ్లని అడగండి.

తిండి విషయం తొందరగా ముగించవచ్చు. ఒంట్లో నిలవున్న గ్లైకోజెన్ అనే ఇంధనం గంటన్నర పోటీకి సరిపోతుంది. కాబట్టి శనివారం రాత్రి బిర్యానీ కుమ్మేయడానికి శాస్త్రం అనుమతి ఇవ్వదు. అన్నం, పప్పు, పెరుగు, అరటిపండు. ఎండాకాలమైతే ఉప్పు వేసిన మజ్జిగ. మన ఖమ్మం తేజ మిర్చి మీద ఎంత అభిమానమున్నా దాన్ని ఆదివారం మధ్యాహ్నానికి ఉంచుకోవాలి.

సైకిల్‌ను మాత్రం గురువారమే పట్టించుకోవాలి, శనివారం కాదు. శనివారం ఏదైనా తేడా కనిపిస్తే బాగుచేసే వ్యవధి ఉండదు. ఇక్కడి రోడ్ల మీద బొగ్గు లారీలు, ఇసుక లారీలు. అంచుకు జరిగితే తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు. టైరును చేత్తో అంగుళం అంగుళం తడిమి, రబ్బరులో దిగబడి ఇంకా ట్యూబును తాకని ముల్లును తీసేయాలి. పోటీలో పంచరయ్యేది చాలాసార్లు అంతకుముందు వారం గుచ్చుకున్న ముల్లుతోనే. గొలుసు తుడిచి, ఒక్కో లంకెకు ఒక్కో చుక్క నూనె వేసి, పైపైన ఉన్నది మళ్లీ తుడిచేయాలి. నూనె ఎక్కువైతే దుమ్ము పడుతుంది. బ్రేకు రబ్బరు రిమ్ముకు సమంగా ఆనుతోందా, గేర్లు రెండు దిక్కులా చివరి దాకా పడుతున్నాయా చూసుకోవాలి. కారులోనో రైల్లోనో సైకిల్ తీసుకెళ్తే శనివారం ఇంకోసారి గేర్లు సరిచూసుకోవాలి, అవి దారిలోనే తప్పుతాయి.

సైకిల్ మరమ్మతు అనగానే చర్ల మండలం కలేరు గుర్తొస్తుంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు, అడవి అంచు. అప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఆ ఊరి సైకిల్ మెకానిక్కు కొడుకు సాధనపల్లి ఆనంద్ కుమార్, అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కాడు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. శిఖరం మీద జెండా, అంబేడ్కర్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఫొటోలు, ఆ తరవాత సన్మానాలు, ఇవన్నీ పత్రికల్లో వచ్చాయి. పూర్ణ మీద 2017లో సినిమా కూడా వచ్చింది. నేను మెచ్చుకునేది మాత్రం ఎక్కడానికి ముందు జరిగిన తయారీలోని పనితనాన్ని.

అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ తలపెట్టిన పని అది. శిక్షకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి, 2007లో ఎవరెస్ట్ ఎక్కినవాడు. ఆయన చేతికొచ్చిన పిల్లలు క్రీడాకారులు కాదు, హాస్టల్ పిల్లలు. వందకు పైగా పిల్లలతో మొదలై, భువనగిరి బండ మీద తాడు పట్టించి, ఇరవై మందిని డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు పంపి, తొమ్మిది మందిని భారత్-చైనా సరిహద్దు కొండలకు తీసుకెళ్లి, చివరికి ఇద్దరిని నిలిపారు. బండ, మంచు, చలి, ఎత్తు. ఒక్కో మెట్టులో ఒక్కటే కొత్త కష్టం. అన్నీ ఒకేసారి నెత్తిన వేయలేదు. నేపాల్ వైపు పదహారేళ్లు నిండాలన్న నిబంధన ఉంది గనుక టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. ఆ కొండ ఎంత ప్రమాదమో చెప్పాలంటే, ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి పదహారు మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయారు.

వాళ్ల యాత్ర 52 రోజులు. అన్ని రోజులూ ఎక్కుతూనే ఉన్నారనుకోకండి. టిబెట్ వైపు బేస్ క్యాంపు సుమారు 5,200 మీటర్లు, ముందు శిబిరం 6,400, నార్త్ కోల్ 7,000 పైచిలుకు. ఆ దారిలో వెళ్లేవాళ్లు పైకి వెళ్లి ఒంటికి ఆ ఎత్తు రుచి చూపించి మళ్లీ కిందికి దిగుతారు. ఎక్కిన ఎత్తునంతా వదులుకుని దిగుతారు. చివరి ప్రయత్నానికి ముందు బేస్ క్యాంపులో కూర్చుని తింటారు, నిద్రపోతారు, గాలి తగ్గే రోజుల కోసం ఎదురుచూస్తారు. కుర్రతనంలో కాళ్లు ఊరుకోని వయసు పిల్లల్ని అలా కూర్చోబెట్టడం తాడు కట్టడం కంటే కష్టమని నా అభిప్రాయం. స్ప్రింట్ ఆఖరి వారంలో జరిగేది ఇదే, కొలత ఒక్కటే చిన్నది. అక్కడ తప్పితే ప్రాణం పోతుంది, ఇక్కడ తప్పితే నాలుగు నిమిషాలు పోతాయి.

మీరు కూడా ఇలాంటి పోటీకి పేరిచ్చి ఉంటే, ఆదివారం ఈత మొదటి వంద మీటర్లు మీకు చాలా నెమ్మది అనిపించేంత నెమ్మదిగా ఈదండి. ఒడ్డున గుంపు పక్కన నిలబడి, మొదటి అలజడి పోయాక దిగినా నష్టం లేదు. ఇక శనివారం సాయంత్రం ఎవరైనా ప్రేమగా కొత్త బూట్లు తెచ్చిస్తే తీసుకుని, సోమవారం వేసుకోండి.