ట్రేలో పెరిగే ఫ్రెంచి ఆకు

చెర్విల్‌ను బజారులో కొనుక్కోవాలని చూసేవారికి నేను చెప్పేదొకటే: ఆ వెతుకులాట మానేసి, రెండు ట్రేలూ ఒక విత్తనాల పొట్లమూ తెచ్చుకోండి. కోసిన కాసేపటికే తల వాల్చేసే ఆకు ఇది. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే ఒకట్రెండు రోజులు పచ్చగానే కనిపిస్తుంది గానీ వాసన తగ్గిపోతుంది. ఎండబెట్టారా, ఇక గడ్డితో సమానం. మా పాండిచ్చేరి పాలనను ఫ్రెంచివాళ్ళు 1954 నవంబరులో భారతదేశానికి అప్పగించారు. వాళ్ళ పొడుగు రొట్టె ఊళ్ళోనే ఉండిపోయింది, వీధుల పేర్లూ ఉండిపోయాయి. వాళ్ళ వంటింటి ఆకు మాత్రం గూబెర్ మార్కెట్‌లో నాకెన్నడూ కనిపించలేదు. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు గుట్టలు పోసి అమ్మేచోట, పది గంటల ఎండకే సొమ్మసిల్లే ఆకును ఏ అమ్మ తెచ్చి కూర్చుంటుంది? అందుకే ఇందిరా నగర్‌లో మా ఇంటి కింది గదిలో, ఉత్తరపు కిటికీ పక్కన దీన్ని నేనే పెంచుకుంటున్నాను.

చుట్టరికం చూస్తే ఇది మనకు పరాయిదేమీ కాదు. కొత్తిమీర, సోయికూర, జీలకర్ర, వాము, సోంపు, క్యారెట్ అన్నీ ఈ కుటుంబానివే. ఆకు క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా, ఇంకా పలచగా, లేతగా ఉంటుంది. నోట్లో వేసుకుంటే ముందు పచ్చివాసన, ఆ వెనక సన్నటి తీపి. యానాం నుంచి వచ్చిన మా పిన్ని ఒక రెమ్మ నమిలి, “సోంపు తిన్న నోటితో కొత్తిమీర తిన్నట్టుందిరా” అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ సోంపు వాసనకు ముఖ్య కారణం మిథైల్ చావికాల్ అనే నూనె పదార్థం. టారగాన్ అనే వంటాకులోనూ అదే ఉంటుంది. వేడి తగిలితే ఇట్టే ఆవిరైపోతుంది. కాబట్టి దీన్ని ఎప్పుడూ తాలింపులో వేయకండి. పొయ్యి కట్టేశాక, గిన్నె దించాక, వడ్డించే ముందు చల్లాలి.

ఫ్రెంచి వంటలో పార్స్లీ, చైవ్స్, టారగాన్, చెర్విల్ నాలుగూ కలిపి సన్నగా తరిగి వాడతారు. ఆ నాలుగింటితో చేసే ఆమ్లెట్ వాళ్ళకు ఇంటింటి వంట. ఒక్క పార్స్లీ తరిగి వేసి దాన్నే ఆ ఆమ్లెట్ అనడం తప్పని ఫ్రెంచి వంటలో మహాగురువు ఎస్కోఫియే అంతటివాడు 1903లో అచ్చయిన తన వంటల గ్రంథంలో పట్టుబట్టాడు. ఆ పట్టుదల నాకు చాలా ఇష్టం. నాలుగింటిలో గొంతు తగ్గించి మాట్లాడేది చెర్విలే. అది లేకపోతే మిగతా మూడూ ఒకదానిమీద ఒకటి అరుచుకుంటాయి.

ఇక పెంపకం. దీనికి చల్లదనం కావాలి. పదిహేను నుంచి ఇరవై డిగ్రీల మధ్య హాయిగా మొలుస్తుంది. మా ఊళ్ళో జనవరి తెల్లవారుజామున కూడా మామూలుగా ఇరవై ఒకటి, ఇరవై రెండు డిగ్రీలుంటుంది. మే నెల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండ తగిలితే కొత్తిమీర లాగే, ఇంకా తొందరగా, కాడ సాగి పువ్వుకొస్తుంది, ఆకు చేదెక్కుతుంది. తడి గోనెసంచి చుట్టి చల్లబరుద్దామంటే సముద్రపు గాలిలో అసలే తేమ ఎక్కువ, తడి ఆరితే కదా చల్లబడేది! పైగా దీనికి తల్లివేరు ఉంటుంది, నారు పోసి పీకి నాటితే ఓర్చుకోదు. మిద్దె మీద కుండీల్లో గుబురుగా ఎదిగిన చెర్విల్‌ను చూడాలన్న కోరిక ఈ తీరంలో పెట్టుకోకూడదు.

అందుకే ట్రే. తొలి ఆకులు వేయగానే కోసుకునే లేత మొక్కలుగా, అంటే మైక్రోగ్రీన్‌గా పెంచడాన్ని చాలామంది పెద్ద హోటళ్ళ అలంకారంగా చూస్తారు. ఈ ఆకు విషయంలో అది అలంకారం కాదు, ఈ ఎండల్లో దీన్ని తినడానికున్న దారి. చేదెక్కేంత వయసు రాకముందే కోసేస్తాం కాబట్టి రుచి చెడదు.

విత్తనం జీలకర్ర కంటే పొడుగ్గా, సన్నగా, నల్లగా, కొనకు చిన్న ముక్కుతో ఉంటుంది. చిల్లుల ట్రేను రెండో ట్రేలో పెట్టి, అందులో కడిగిన కొబ్బరిపొట్టు రెండు వేళ్ళ మందాన పరిచి, తడిపి, గింజ మీద గింజ పడకుండా దగ్గర దగ్గరగా చల్లి, అరచేత్తో మెల్లగా అదమాలి. పైన మందంగా కప్పకూడదు, వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి. ఆవాలూ మెంతులూ వారం తిరిగేసరికి కోతకు వస్తాయి. చెర్విల్ మొలక తల ఎత్తడానికే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో పొట్టు ఒక్కపూట కూడా ఎండకూడదు. ముందు గరికపోచల్లాంటి రెండు సన్నని బీజదళాలు వస్తాయి. వాటిని చూసి కలుపు అనుకుని పీకేయకండి. ఆ రెంటి నడుమ నుంచి మొదటి అసలాకు, చిన్న పిడికిలి విప్పినట్టు, చీలికలతో బయటికి వస్తుంది. రుచి దిగేది అప్పుడే. అంటే విత్తాక మూడు వారాలు దాటాక, కత్తెరతో పొట్టుకు కాస్త పైగా, ఆ పూటకు ఎంత కావాలో అంతే కోసుకోవాలి.

మొలక వచ్చాక నీళ్ళు పైనుంచి చల్లడం ఆపి, కింది ట్రేలో పోస్తే పొట్టే పీల్చుకుంటుంది. గాలి ఆడాలి, లేదంటే ఈ ఉక్కకు నారుకుళ్ళు తెగులు రాత్రికి రాత్రే ట్రేను పడుకోబెడుతుంది. విత్తనం మందు కలపనిదై ఉండాలి. గులాబీ రంగో నీలం రంగో పూసిన శుద్ధి విత్తనం పొలానికి, మైక్రోగ్రీన్స్‌కు కాదు. అడిగి మరీ తీసుకోండి.

మన వంటల్లో దీనికి చోటుందా అంటే, మెత్తని రుచులున్న చోటల్లా ఉంది. వెన్న రాసిన రొట్టె మీద, సగం ఉడికిన గుడ్డు మీద, కారం వేయని దోసకాయ పెరుగుపచ్చడిలో, ఆవిరి మీద ఉడికించి నిమ్మకాయ పిండిన చందువ చేప మీద. పెసరకట్టు మీద నాకు మరీ ఇష్టం. గోంగూర, ఆవకాయ, ఇంగువ ఉన్న విస్తట్లో మాత్రం వేయకండి, పాపం ఆ ఆకు అక్కడ వినిపించదు.

విత్తనం ఏడాది దాటితే సరిగ్గా మొలవదు. మిగిలినదాన్ని గాలి చొరని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకోవాలి. ఈ విత్తనాన్ని మన దగ్గరే తీయలేమా అని నా ఆలోచన ఎప్పుడూ అరకు, లంబసింగి కొండల వైపు పోతుంటుంది. అక్కడి శీతాకాలంలో, కాఫీ తోటల చల్లదనంలో ఇది ఆరుబయటే ఎదగాలి, తెల్లటి గొడుగు పూలు పూసి గింజ కట్టాలి. ఆ కొండల్లో కూరగాయలు పండించేవారు ఎవరైనా ఈ నవంబరులో ఒక మడి వేసి చూస్తే, వచ్చిన గింజల్లో మొదటి పొట్లం నేను కొంటాను.