ఊదారంగు నీళ్లు

విషానికి విరుగుడంటూ నేలలోకి ఇంకో రసాయనం పోయడం నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ పట్టుదలను ఈ వారం అమెరికా నుంచి మా మేనల్లుడు పంపిన ఫొటో కాస్త కదిలించింది. పరీక్ష బోరులోంచి తోడిన సీసాడు నీళ్లు, నిగనిగలాడే ఊదారంగు. "పర్మాంగనేట్, మామయ్యా" అని కింద రాశాడు.

నేనెరిగిన మందే! కలరా రోజుల్లో మా ఊరి మంచినీళ్ల బావిలో వేసింది అదే. హెల్త్ ఇన్‌స్పెక్టర్ చేదలో పలుకులు కలిపి, బావిలోకి దించి, తాడు పైకీ కిందకీ ఆడించేవాడు. నీళ్లు గులాబీ రంగు తిరిగేవి. కాసేపటికే రంగు పోతే "ఇంకా తింటోంది" అని మరికొన్ని పలుకులు. రంగు నిలిచేదాకా ఆయన గట్టు దిగేవాడు కాదు. ఆ నీళ్లలో పప్పు ఉడకదని మా నాయనమ్మ వాదన. ఉడికింది, తిన్నాం కూడా.

యంత్రాల జిడ్డు కడిగే ట్రైక్లోరోఎథిలీన్ నేలలోకి దిగిన చోట ఇంజినీర్లు చేసేదీ ఇదే. పర్మాంగనేట్ ఆ అణువులోని ద్విబంధాన్ని పట్టి విరిచేస్తుంది. మిగిలేది క్లోరైడు, కార్బన్ డయాక్సైడు, గోధుమరంగు మాంగనీస్ మడ్డి. అయితే మట్టిలో కుళ్లిన ఆకూ అలమూ ముందుగా తమ వాటా తినేస్తాయి. అందుకే మట్టి ఎంత తింటుందో పరీక్షించాకే మందు పోస్తారు. మా ఇన్‌స్పెక్టర్ లెక్కే!

మనసు పూర్తిగా మారిపోయేదే. కానీ చిత్తూరు దాటి కాస్త పోతే రాణిపేట ఉంది. అక్కడ మూతపడిన క్రోమేట్ కర్మాగారం లక్ష టన్నులకు పైగా వ్యర్థం వదిలిపోయింది. అందులోని హెక్సావలెంట్ క్రోమియం నీళ్లలో కరిగి పారుతుంది. దాన్ని ట్రైవలెంట్‌గా మారిస్తే చాలావరకు మట్టిలోనే కదలకుండా ఉంటుంది. పర్మాంగనేట్ పని సరిగ్గా దీనికి తలకిందులు: కుదురుగా ఉన్నదాన్ని మళ్లీ లేపుతుంది.

అక్కడ కావలసింది ఇనుము. 1996లో నార్త్ కరొలినాలోని ఎలిజబెత్ సిటీలో, కోస్ట్‌గార్డ్ పాత క్రోమ్ పూత షెడ్డు దగ్గర 46 మీటర్ల పొడవున కందకం తవ్వి ఇనుప రజను నింపారు. భూగర్భజలం తన దారిన తాను దాని గుండా సాగుతుంది. ఇనుము తుప్పు పడుతుంది, క్రోమియం ఆగిపోతుంది. పంపు లేదు, కరెంటు లేదు. ట్రైక్లోరోఎథిలీన్‌నూ అదే విరుస్తుంది.

ఇనుప రజను లారీ వస్తే నేనే ముందు నడిచి దారి చూపిస్తా. రాణిపేటకు పర్మాంగనేట్ డ్రమ్ములు తెచ్చేవాణ్ని మాత్రం గేటు దగ్గరే ఆపుతా.