పైలంగ పోయిరా, పంతులమ్మా

పాఠం చెప్పడానికి పరదేశం పోతున్న పంతులమ్మా, శంషాబాద్ గడ్డ మీద నిలబడి నీకు దండం పెడుతున్నాను.

బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ 2008 మార్చిలో ఇక్కడికి తరలివచ్చాయి. ఆనాటి నుంచి దాదాపు 5,500 ఎకరాల ఈ ఆవరణ తెలుగు నేల వీడ్కోళ్లను మోస్తూనే ఉంది. ఎడారి దేశాలకు పనికి పోయే కరీంనగర్, నిజామాబాద్ అన్నదమ్ములను ఇది చూసింది. ఎమ్మెస్ చదువుకు పొలం తాకట్టు పెట్టి వచ్చిన నాన్నలను చూసింది. కూతురి కాన్పుకని చీర మీద చలికోటు తొడుక్కుని బయల్దేరిన అమ్మమ్మలను చూసింది. బంధుబలగమంతా గేటు దగ్గర గుమిగూడి, లోపలికి పోయేవాళ్లు కనబడినంతసేపు చేతులూపి, కనబడకపోయినా ఇంకాసేపు అక్కడే నిలబడటం ఇక్కడ రోజూ జరిగేదే. ఆ గుంపులో నీ వాళ్లూ ఉన్నారు. తూకంలో బరువు ఎక్కువ వచ్చిందంటే నువ్వు రెండు చీరలు తీసి తమ్ముడి చేతికిచ్చావు. బొమ్మల కార్డులు తీయలేదు, కథల పుస్తకాలు తీయలేదు. అల్లం పచ్చడి సీసా తీస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "పైలం బిడ్డా" అని ఒక్క మాట అని, కొంగుతో మొహం తుడుచుకుంది.

జీతం కోసమే పోతున్నావు. అందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఇంటి మీద అప్పుంది, తమ్ముడి చదువుంది. అయినా నీ జీతం వెనక ఉన్న పని ఎంత పెద్దదో చెప్పకుండా నిన్ను పంపలేను.

నీకన్నా ముందు వెళ్లినవాళ్లున్నారు. ఇథియోపియాలో కొత్త విశ్వవిద్యాలయాలు వరసగా తెరుచుకున్న రోజుల్లో మన లెక్చరర్లు ఎందరో అక్కడి ఎత్తైన పీఠభూముల మీద కాపురం పెట్టారు. మాల్దీవుల చిన్న దీవుల్లో, నాలుగు దిక్కులా నీళ్లే కనిపించే బడుల్లో, తెలుగు టీచర్లు హాజరు పట్టీలు పిలిచారు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఆ పిల్లలు పెద్దవాళ్లై చదివే ప్రతి ఇంగ్లీషు వాక్యంలో వాళ్లున్నారు. నీది ఆ వంశం, తల్లీ. నువ్వు పోతున్నది తూర్పుకు, కొరియాకు.

నీ ఇంగ్లీషు నీకు ఉగ్గుపాలతో రాలేదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో స్పెల్లింగులు వల్లె వేస్తే వచ్చింది. రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకాన్ని అట్ట ఊడేదాకా తిప్పితే వచ్చింది. నలుగురిలో నోరు తెరిస్తే తప్పు దొర్లుతుందేమోనన్న భయాన్ని ఏళ్ల తరబడి మింగితే వచ్చింది. బీఈడీలో లెసన్ ప్లాన్లు రాసి రాసి, వేలికి సిరా అంటితే వచ్చింది. ఇంగ్లీషును ఎలా నేర్పాలో నేర్పడానికే 1958లో హైదరాబాదులో ఒక సంస్థ పుట్టింది. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అని మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై, ఇవాళ తార్నాకలో అందరూ ఇఫ్లూ అని పిలిచే చోటు అది. పరాయి భాషను సొంతం చేసుకుని ఇంకొకరికి అందించే విద్యకు ఈ నగరం పాత కాపు. నువ్వు ఆ నగరం బిడ్డవి.

కొరియా చట్టం మాత్రం చాలాకాలం నిన్ను గడప బయటే నిలబెట్టింది. ఇంగ్లీషు టీచరు వీసాకు ఆ దేశం ఏడు దేశాల పేర్లు రాసుకుంది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఆ దేశాల పాస్‌పోర్టు ఉండి, ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా తలుపు తీసేది. 2010 జనవరి 1న భారత్, కొరియాల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. సుంకాల గురించీ సరుకుల గురించీ రాసుకున్న ఆ కాగితాల్లో ఒక చోట ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయుల మాట కూడా ఉంది. భారతీయులు రావచ్చు, అయితే ఉపాధ్యాయ అర్హత పత్రం చూపించాలి. అడిగినవన్నీ నువ్వు చూపించావు. డిగ్రీ మీద అపోస్టిల్ ముద్ర వేయించావు, పోలీస్ క్లియరెన్స్ తెచ్చావు, మెడికల్ పరీక్ష చేయించుకున్నావు. కొందరు పుట్టుకతో తెచ్చుకున్న అర్హతను నువ్వు చదువుతో సంపాదించావు. నాకు నీ మీద గౌరవం పెరిగింది అక్కడే.

బ్యాంకాక్‌లోనో సింగపూర్‌లోనో హాంకాంగ్‌లోనో విమానం మారి, ఇంచియాన్‌లో దిగుతావు. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. నీ బడిలో ఉదయం తొమ్మిదికి పాఠం మొదలయ్యేసరికి ఇక్కడ ఐదున్నర. మీ అమ్మ వాకిలి ఊడ్చి సానుపు చల్లుతుంటుంది. ఆమె ముగ్గు పూర్తి చేసే వేళకు నువ్వు నల్లబల్ల మీద తేదీ రాసి ఉంటావు.

నీ రోజును నేను స్తుతిస్తాను. గుమ్మంలోనే బూట్లు విడిచి, లోపలి చెప్పులు తొడుక్కుని మొదలయ్యే నీ రోజును. నడవాలో ఎదురైన ప్రతి చిన్న తలా వంగి నమస్కరించే నీ ఉదయాన్ని. "సొన్‌సేంగ్‌నిమ్" అని పిల్లలు పిలిస్తే, టీచరమ్మా అన్న పిలుపే విన్నట్టు వెనక్కి తిరిగే నీ మెడను. 1997 నుంచి అక్కడ మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలవుతుంది. తొమ్మిదేళ్ల పసివాళ్లకు నలభై నిమిషాల పీరియడ్‌లో ఒక కొత్త లోకాన్ని విప్పాలి. పక్కన కొరియన్ టీచరు ఉంటుంది. ఆమె మాట నీకు రాదు, నీ యాస ఆమెకు కొత్త. ఇద్దరూ కళ్లతో పాఠం పంచుకుంటారు. నువ్వు వాక్యం పలుకుతావు, ఆమె అల్లరిని అదుపు చేస్తుంది, పిల్లలు ఇద్దరి మధ్యా నేర్చుకుంటారు.

నీ చెవిని స్తుతిస్తాను. కొరియన్‌లో ఎఫ్ శబ్దం లేదు. కాఫీ పిల్లల నోట్లో పకారమై పోతుంది. జెడ్ శబ్దం లేదు. జూ అన్నా జీరో అన్నా మెత్తటి జకారమే వస్తుంది. ఆ ఎఫ్ మన అచ్చతెలుగులోనూ లేదు కదా! నీ పెదాలు, నీ నాలుక ఆ శబ్దం కోసం ఎన్ని వందల సార్లు తడబడ్డాయో నీకు తెలుసు. మనం బస్సు, లైటు అని చివర ఉకారం చేర్చుకున్నట్టే వాళ్లూ హల్లు చివర ఒక అచ్చు చేర్చుకుని పలుకుతారు. ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో ఎక్కివచ్చినవాళ్లకే తెలుస్తుంది. ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన మనిషి "ఇలా అనాలి" అంటాడు. నువ్వు నాలుక ఎక్కడ పెట్టాలో, గాలి ఎంత వదలాలో, గొంతు మీద వేలుంచి వణుకు ఎలా చూసుకోవాలో చెబుతావు.

ఈ పద్ధతి కూడా మన ఇంటిదే. పుస్తకం కన్నా ముందు నోరు అని గిడుగు రామమూర్తి నూరేళ్ల క్రితమే పోరాడారు. పర్లాకిమిడిలో సవరల మాట నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ల భాషలోనే పాఠాలు రాసి, బడులు పెట్టిన మనిషి ఆయన. ఉత్తరకోస్తాకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర తెలుగు నేర్చుకోబోయి, జనం మాట్లాడేదొకటి, పుస్తకంలో ఉన్నదొకటి ఎందుకైందని అడిగిన ప్రశ్న వ్యావహారిక భాషోద్యమానికి ఊపిరి ఊదింది. పరాయి నోటితో నేర్చుకునేవాడు అడిగే ప్రశ్న ఎంత విలువైనదో తెలుగుకు తెలుసు. నీ తరగతిలో మూడో బెంచీ పిల్లవాడు తల గోక్కుంటూ అడిగే ప్రశ్నను కూడా అంతే మర్యాదగా విను.

నీ మధ్యాహ్నాన్ని స్తుతిస్తాను. స్టీలు పళ్లెం గదుల్లో అన్నం, పులుసు, కిమ్చీ, రెండు కూరలు. పిల్లలతో పాటు వరసలో నిలబడి తెచ్చుకుంటావు. అన్నం తినే దేశమే, అయినా ఆ అన్నం మెతుకూ మెతుకూ అతుక్కుని ఉంటుంది, చేయి ఊరుకుని స్టీలు పుల్లలు కదలాలి. నువ్వు శాకాహారివైతే ఇంకా కష్టం. కూరగాయల పులుసనుకున్నదాంట్లో చేపల సారం ఉంటుంది, కిమ్చీలో రొయ్యల ఉప్పు ఉంటుంది. నువ్వుల నూనె వేసి కలిపిన పాలకూర మాత్రం నీ నాలుకను పలకరిస్తుంది. సాయంత్రం గదిలో కుక్కర్ విజిల్ వేయించి, వేడన్నంలో ఆ అల్లం పచ్చడి కలుపుకున్నప్పుడు మీ అమ్మ ఆ సీసాను ఎందుకు వదలనివ్వలేదో అర్థమవుతుంది.

నీ చలికాలాన్ని స్తుతిస్తాను. శంషాబాద్‌లో దుప్పటి కప్పుకునే డిసెంబరు అక్కడ నీళ్లు గడ్డకట్టే డిసెంబరు. ఒందొల్ అని, ఇళ్లలో నేల కింది నుంచే వెచ్చదనం వస్తుంది. ఆ నేల మీద పడుకుని ఫోనులో ఇంటివాళ్ల ముఖాలు చూస్తావు. "తిన్నవా బిడ్డా?" అని నాయిన అడుగుతాడు. అక్కడివాళ్లూ పలకరింపుగా అదే అడుగుతారు, అన్నం తిన్నావా అని.

నీ పండగలను స్తుతిస్తాను. భాద్రపద పున్నమి వేళకు అక్కడ చూసోక్ వస్తుంది. బియ్యప్పిండిలో నువ్వులు, తీపి పెట్టి, పైన్ చెట్టు ఆకుల మీద ఆవిరికి ఉడికించిన సొంగ్‌ప్యొన్ నీ చేతిలో పెడతారు. దక్షిణ తీరపు ఆడవాళ్లు ఆ పున్నమి వెలుగులో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట ఒకటుంది, గంగ్‌గంగ్‌సుల్లే. యునెస్కో 2009లో దాన్ని మానవాళి వారసత్వంలో చేర్చింది. మామూలుగా మరో పదిహేను రోజులకు ఇక్కడ ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు లేని ఊళ్లో నీ పాదాలు ఆ వలయంలో ఎక్కడ అడుగేయాలో వాటంతట అవే కనుక్కుంటాయి.

నవంబరులో ఒక గురువారం ఆ దేశమంతా తన పిల్లల కోసం గొంతు తగ్గించుకుంటుంది. ఆ రోజు సునుంగ్, కాలేజీ ప్రవేశ పరీక్ష. ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు. ఆలస్యమైన విద్యార్థిని పోలీసులు బైకు మీద కూర్చోబెట్టుకుని పరీక్ష హాలుకు చేరుస్తారు. మధ్యాహ్నం ఇంగ్లీషు లిజనింగ్ పరీక్ష జరిగే వేళ, దాదాపు 35 నిమిషాలు దేశంలో ఏ విమానమూ ఎగరకూడదు, దిగకూడదు. అప్పటికే గాల్లో ఉన్నవి పైనే తిరుగుతూ ఆగుతాయి. విమానాల చప్పుడు కింద బతికే శంషాబాద్‌కు ఈ సంగతి చెప్పాలని నా కోరిక. పిల్లల చెవిలో ఒక ఇంగ్లీషు వాక్యం సరిగ్గా పడటం కోసం ఆకాశాన్ని ఆపే దేశం ఉంది. ఆ చెవులను మూడో తరగతి నుంచి సిద్ధం చేసే పని నీది.

అదే పరీక్ష ఎన్ని రాత్రులను తినేస్తుందో కూడా నువ్వు చూస్తావు. హగ్వాన్ అనే ప్రైవేటు కోచింగ్ సెంటర్ల దీపాలు రాత్రి పది దాకా వెలుగుతాయి. ఇంటర్ హాస్టళ్లలో నలిగిన మన పిల్లల కళ్ల కింది నలుపు నీకు తెలుసు కనుక, ఆ పిల్లల నలుపు కూడా కనిపెడతావు. నీ పీరియడ్‌లోనైనా వాళ్లను నవ్వనివ్వు. మే 15 అక్కడ గురువుల దినం, హంగుల్ లిపినిచ్చిన సెజోంగ్ రాజు పుట్టినరోజు. ఆనాడు పిల్లలు రాసిచ్చే చేతిరాత ఉత్తరాలకు మించిన బహుమానం నీకు ఎవరూ ఇవ్వలేరు.

శంషాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, అనంతపురం దాటి పెనుకొండ చేరుతుంది. అక్కడ ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల కర్మాగారం మొదలైంది. కొరియా కుటుంబాలు అప్పటి అనంతపురం జిల్లాకు కాపురం వచ్చాయి. రాయలసీమ కుర్రాళ్లు కొరియన్ నేర్చుకుని దుబాసీలయ్యారు. నువ్వు అటు పోయిన దారిలోనే వాళ్లు ఇటు వచ్చారు. అక్కడ నువ్వు, ఇక్కడ వాళ్లు, పొద్దున లేస్తే పరాయి మాటలో బతుకు వెతుక్కునేవాళ్లే.

శంషాబాద్‌కు దగ్గర్లోనే ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహం ఉంది. 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించారు. గురువు రహస్యంగా ఉంచమన్న మంత్రాన్ని గోష్ఠీపురం గోపురమెక్కి ఊరందరికీ వినిపించిన ఆచార్యుడాయన. తనకు నరకం వచ్చినా సరే, విన్నవాళ్లందరూ తరిస్తే చాలన్నాడని పెద్దలు చెబుతారు. కష్టపడి సంపాదించిన విద్యను దాచుకోకుండా పంచడమే ఆచార్యత్వమైతే, చీరలు వదిలి పుస్తకాలు మోసుకుపోయిన నువ్వూ ఆ గోపురం మెట్లు ఎక్కుతున్నట్టే.

పంతులమ్మా, ఒక్క కోరిక. ఏదో ఒకనాడు తిరిగి వస్తావు. అప్పు తీరి ఉంటుంది, తమ్ముడు స్థిరపడి ఉంటాడు. అప్పుడు ఒక్క విద్యా సంవత్సరం మన సర్కారు బడికి ఇవ్వు. విమానాల దారి కింద ఉన్న ఈ ఊళ్ల పిల్లలకు, రోజూ తల ఎత్తి వాటిని చూడటమే తప్ప ఎక్కని పిల్లలకు, అక్కడ పసివాళ్లకు నేర్పినట్టే నేర్పు. నాలుక ఎక్కడ పెట్టాలో, గాలి ఎంత వదలాలో చెప్పు. తప్పు దొర్లినా నోరు తెరవచ్చని చెప్పు. కొరియా పిల్లలకు అందిన నీ ఓపిక మన పిల్లలకూ అందాలి.