చుట్ట మర్యాద: సామెత, గిరీశం, అడ్డపొగ

ఉపోద్ఘాతం

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట మరొకడు. పరుల కష్టం పట్టనివాడి స్వభావానికి ఈ సామెతను ఉదాహరించడం పరిపాటి. అయితే దీని వెనుక ఒక సాంఘిక మర్యాద ఉంది. పల్లె జీవితంలో నిప్పు అడగడం తప్పు కాదు. దారిన పోయేవాడు అరుగు మీద కూర్చున్న మనిషిని నిప్పడగడం, అతడు లేదనకుండా ఇవ్వడం సహజమైన వ్యవహారం. కనుక సామెత ఎత్తిచూపిన దోషం అడగడంలో లేదు, అడిగిన వేళలో ఉంది. ఒక అలవాటుకు మర్యాద ఏర్పడిన తర్వాతనే దాని ఉల్లంఘన హాస్యాస్పదమవుతుంది. సాహిత్యంలోని చుట్టను వ్యసనంగానో, హాస్య సామగ్రిగానో చూసి వదిలివేస్తే ఈ మర్యాద కనిపించదు. ఎవరి నిప్పుతో, ఎవరి ఎదుట, ఎవరి కంట పడేలా పొగతాగవచ్చు అనే మూడు ప్రశ్నలతో దానిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లంక పొగాకు: ఒకే ఆకు, రెండు మర్యాదలు

చుట్టిన ఆకు కనుక అది చుట్ట. తమిళంలోని 'శురుట్టు' ఆంగ్లంలో 'చెరూట్' అయింది. గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చేసిన ఘాటైన చుట్టకు తెల్లదొరల వాడుకలో 'లంకా' అన్న పేరే స్థిరపడింది. ఈ మాటకు మూలం గోదావరి లంకలేనని 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు చెబుతుంది. 1890లో వెలువడిన ఆర్థర్ కానన్ డాయిల్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదల తేడాలను వివరిస్తూ ఈ చుట్టను ప్రస్తావిస్తాడు. విక్టోరియా కాలపు ఇంగ్లండులో సంపన్నుల ఇళ్లలో సిగార్ కాల్చడానికి వేరే గది, స్త్రీలు లేని వేళ ఉండేవి. గోదావరి ఒడ్డున రైతుకు చుట్ట పని మధ్య దొరికే విరామం. దొర గదిలో అది హోదాకు గుర్తు. మర్యాద మారినప్పుడు వస్తువు అర్థం కూడా మారింది.

గిరీశం చూపిన ప్రమాణాలు

ఈ రెండు లోకాల నడుమ నిలిచిన పాత్ర గురజాడ అప్పారావు గిరీశం. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. 1897లో అచ్చయి, 1909లో బాగా విస్తరించిన రూపంలో వెలువడింది. ప్రథమాంకంలో వెంకటేశం, గిరీశం వల్ల తనకు అబ్బినది చుట్ట కాల్చడమొక్కటేనని నిష్ఠూరమాడతాడు. గురువు కనబడితే చుట్ట దాచుకోవలసిన శిష్యుడికి గురువే చుట్ట నేర్పాడు. పెద్దల ఎదుట పాటించవలసిన మర్యాద ఇక్కడ తలకిందులైంది.

గిరీశం సమాధానం రెండు మెట్లలో సాగుతుంది. మొదట అతడు దొరలను సాక్ష్యానికి పిలుస్తాడు. వారి గొప్పతనానికీ, ఆవిరియంత్రం వంటి ఆవిష్కరణలకూ చుట్టే కారణమంటాడు. ఆ తర్వాత శాస్త్రాన్ని ఆశ్రయిస్తాడు. గరుత్మంతుడు తెస్తున్న అమృతం నుంచి ఒక చుక్క నేల మీద పడి పొగాకు మొక్క అయిందని చెప్పే కందపద్యం చదివి, దానిని బృహన్నారదీయం నాలుగో ఆశ్వాసానికి అంటగడతాడు. ఆశ్వాసం తెలుగు కావ్యాలలోని విభాగం. సంస్కృత పురాణాలలో ఉండేవి అధ్యాయాలు. పైగా పొగాకు అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ద్వారా వచ్చిన పంట. 17వ శతాబ్ది ఆరంభంలో అసద్ బేగ్ బీజాపూరు నుంచి తీసుకువెళ్లినప్పుడు అక్బరు దర్బారుకు అది వింత వస్తువే.

ఈ దొంగ ప్రమాణం ప్రేక్షకుడికి తెలిసిపోయేలాగే గురజాడ దానిని అమర్చాడు. కన్నెపిల్ల అమ్మకాన్ని శాస్త్రంతో, ఆచారంతో కప్పిపుచ్చే సమాజమే చుట్టను పురాణంతో కప్పిపుచ్చే గిరీశాన్ని చూసి నవ్వుతుంది. ఆ నవ్వు తిరిగి దాని మీదికే వస్తుంది. అయితే కాలక్రమంలో ఆ పద్యం నాటకం నుంచి విడిపోయి చాటువులా ప్రచారమైంది. సందర్భం పోవడంతో వ్యంగ్యం కూడా పోయి, పొగతాగేవారికి అది నిజంగానే ఒక సమర్థనగా మిగిలింది. పద్యానికి వచ్చిన కీర్తిని నాటక విజయంగా మాత్రమే లెక్కించే విమర్శ ఈ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అడ్డపొగ: కంటపడని మర్యాద

సామెతలోనూ, గిరీశం వాదంలోనూ చుట్ట కాల్చేవాడు పురుషుడే. కానీ గిరీశం తిరిగిన ఉత్తరాంధ్రలోనే, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాలలో, శ్రామిక స్త్రీలు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని చుట్ట కాల్చే అలవాటు ఉంది. దీనినే అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదని, బూడిద రాలదని, ఎక్కువసేపు వస్తుందని అందుకు కారణాలు చెబుతారు. ఈ కారణాలు తీరిక లేని పని జీవితాన్ని సూచిస్తాయి. చేతులు పనిలో ఉంటాయి; నిప్పు నోటిలో దాగుతుంది. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో వైద్య పరిశోధనలు నిర్ధారించాయి. గిరీశానికి చుట్ట మాటల సరదా అయితే, ఈ స్త్రీకి అది దేహానికి తగిలిన కాలుడు. చుట్ట సాంఘిక చరిత్రను గిరీశంతో ముగిస్తే ఈమె కనిపించకుండా పోతుంది.

ముగింపు

సిగరెట్టు, అగ్గిపెట్టె వచ్చాక నిప్పు అడగవలసిన అవసరం తగ్గింది. 1930లో ఏర్పడిన వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ సిగరెట్టు జంటనగరాలలో ఇంటింటి పేరయింది. బన్సీలాల్‌పేట్‌కు అంతగా దూరం లేని ఆజమాబాద్ ఆ కంపెనీ నెలవు. కొత్త వస్తువు వచ్చినా, తండ్రి కనబడగానే దాన్ని వెనక్కి దాచే పాత మర్యాద మాత్రం నిలిచింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాలలో ధూమపాన నిషేధం దేశమంతటా అమలులోకి రావడంతో ఆ మర్యాదకు మరో ఆధారం ఏర్పడింది. పాత మర్యాద పెద్దరికాన్ని గౌరవించింది. కొత్తది పక్కవాడి ఊపిరిని గౌరవించమంటుంది. ఇల్లు కాలినవాడి ముందు నిప్పడగకూడదన్న సామెత సారం ఈ రెండవదానికే దగ్గరగా ఉంది. ఎదుటివాడి హోదాను కాక అతడి బాధను చూడమన్నదే ఆ సామెత.