నర్సింగు విద్యార్థుల మానసికారోగ్య పరీక్ష: గుణదోష విచారణ

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోనికి రాగా, నర్సింగు కళాశాలల పాఠాలు కూడా సెల్‌ఫోనుల మీదికి వచ్చినవి. రోగి చేయి పట్టుకొని నాడి చూచి నేర్వవలసిన విద్య తెరమీది బొమ్మగా మారినది. ఈ మార్పు విద్యార్థుల మనస్సులను ఎంత కుంగదీసినదో తెలుసుకొనుటకు అనేక దేశాలలో ఫోను ద్వారానే ప్రశ్నావళులు పంపి, జవాబులకు మార్కులు కట్టి, లెక్కలు ప్రకటించారు. ఉద్దేశం మంచిదే. పద్ధతి ఎంతవరకు సరియైనదో విచారించవలసి ఉన్నది.

ఇట్టి ప్రశ్నావళులలో విరివిగా వాడుకలో ఉన్నది పి.హెచ్.క్యు-9. క్రోంకె, స్పిట్జర్, విలియమ్స్ అనే అమెరికా పరిశోధకులు దీని ఫలితాలను 2001లో ప్రకటించారు. గడచిన రెండు వారాలలో ఉత్సాహం, నిద్ర, అలసట, ఆకలి, ఏకాగ్రత మొదలైన 9 విషయాలు ఎట్లున్నవో ఇందులో అడుగుతారు. ఒక్కొక్కదానికి 0 నుండి 3 మార్కులు, మొత్తం 27. 10 గాని, అంతకు మించి గాని వస్తే మానసికమైన కుంగుబాటు ఉండవచ్చునని అనుమానిస్తారు. 'ఉండవచ్చును' అన్న మాట మరువరాదు. ఇది వడపోత మాత్రమే గాని రోగనిర్ణయం కాదు.

కళ్లంలో తాలుకాయలు ఏరే చేతికి కూడా కొంత పొరపాటు తప్పదు. 2001 నాటి పరిశోధనలో ఈ పరీక్ష, వ్యాధి ఉన్నవారిలో నూటికి 88 మందిని పట్టుకొన్నది. లేనివారిలో నూటికి 88 మందిని లేనివారుగా తేల్చినది. 1000 మంది విద్యార్థులలో 100 మందికి నిజంగా వ్యాధి ఉన్నదనుకొందాం. వారిలో 88 మంది దొరుకుతారు, 12 మంది జారిపోతారు. మిగిలిన 900 మందిలో నూటికి 12 చొప్పున 108 మంది వ్యాధి లేకుండానే చిక్కుతారు. వెరసి 196 మంది. వీరిలో సగానికి పైగా వ్యాధి లేనివారే! ఈ సంఖ్యను చూపి 'నూటికి ఇరవై మందికి కుంగుబాటు' అని చాటటం శాస్త్రం అనిపించుకోదు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప నేలలకు వచ్చేసరికి చిక్కు ఇంకా ముదురుతుంది. ఆ లాక్‌డౌన్ వచ్చినది మిరప కోతల కాలంలో. పగలు కోతకు పోయి, రాత్రి ఇంటికంతటికీ ఉన్న ఒక్క ఫోనులో పాఠం వినే అమ్మాయిని 'అలసటగా ఉన్నదా? నిద్ర చాలుతున్నదా?' అని అడిగితే ఏమి వ్రాస్తుంది? ఆ మార్కులు వ్యాధివా, కాయకష్టానివా? సిగ్నలు తెగి పాఠం అందకపోతే అది ఏకాగ్రత లోపమా? అలాగని కొట్టివేయుటకూ వీలులేదు. కాయకష్టం చాటున, ఇంటి అప్పుల చాటున నిజమైన కుంగుబాటే దాగి ఉండవచ్చు. ఎదుట కూర్చొని మాట్లాడే వైద్యుడు గాని దీనిని తేల్చలేడు.

ఇక ఫోనే లేని విద్యార్థి పరీక్షకు అందనే అందదు. అందిన విద్యార్థి అయినా, ఇంటర్నల్ మార్కులు వేసే వారికే జవాబులు చేరుతాయని తెలిస్తే నిజం వ్రాయదు. తొమ్మిదవ ప్రశ్న చావు తలంపులను గురించినది. పేరు అడిగితే ఆ జవాబు రాదు; పేరు అడగకపోతే, జవాబు వచ్చినా ఆ ప్రాణాన్ని చేరే దారి ఉండదు. కనుక పేర్ల పట్టిక మార్కులతో సంబంధం లేనివారి చేతిలో ఉండవలె. అట్టి జవాబు వచ్చిననాడే విద్యార్థితో మాట్లాడే మనిషి సిద్ధంగా ఉండవలె.

ఇది కొత్త మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొరకు విల్సన్, యుంగ్నర్ 1968లోనే వడపోత పరీక్షలకు 10 సూత్రాలు కూర్చారు. రోగనిర్ణయానికి, చికిత్సకు ఏర్పాట్లు ఉండవలెననునది వానిలో ఒకటి. 2022 అక్టోబరులో 'టెలి మానస్' సేవ ప్రారంభమైనది. 14416కు ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చు. ఐతే ప్రశ్నావళి అడుగున ఆ అంకె అచ్చు వేసినంతమాత్రాన కళాశాల బాధ్యత తీరదు. జ్వరం చూచి మందివ్వని వైద్యం వంటిది, మార్కులు కట్టి మనిషిని విడిచిపెట్టే పరీక్ష. ఎందరు వడపోతలో తేలారన్న లెక్క చాలదు. వారిలో ఎందరు వైద్యుని వద్దకు చేరారు, ఎందరు తేరుకొన్నారు అన్న లెక్కను కూడా ప్రకటించవలె.