ఖాండవము – భిలాయి

ఆంధ్రమహాభారతమున ఆదిపర్వము ఒక అగ్నికాండతో ముగియును. సభాపర్వము ఒక భవననిర్మాణముతో ఆరంభమగును. ఈ రెంటిని కలుపువాడు మయుడు. ఖాండవము కాలినది గనుక అతడు అర్జునుని శరణుజొచ్చెను. అతడు బ్రదికినందున సభ వెలసెను. ధర్మరాజు కొలువుకూటమునకు పునాది బూడిదయని కవి ఎక్కడను పైకి చెప్పడు. కథల వరుసయే ఆ మాట చెప్పుచున్నది.

ఇరావతీ కర్వే తన ‘యుగాంత’ యందు మయసభను గూర్చిన వ్యాసమున, ఖాండవదహనమును సాగుభూమి సంపాదించుకొనుటకై చేసిన పనిగా వ్యాఖ్యానించినది. ఆమె దృష్టి కృష్ణార్జునులపై నిలిచినది. నా దృష్టి ఆ మంటలో చిక్కిన ఒక పిట్టపై నిలుచుచున్నది. కారణము, ఇనుమును కరగించు ఒక పట్టణము.

భిలాయి ఉక్కు కర్మాగారమునకు 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వముతో ఒప్పందము కుదిరెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఉత్తరాంధ్రమునుండి తెలుగు కుటుంబములు అనేకములు అక్కడికి తరలిపోయి, సెక్టారులలో స్థిరపడి, రెండు మూడు తరములుగా తెలుగు చదువుచు వ్రాయుచు నున్నవి. వారి కథలలో కొలిమి వెలుగున్నది, సైరను మ్రోతయున్నది, సెలవుపై స్వగ్రామమునకు పోవు రైలున్నది. ఆ నేల అంతకుముందు ఎవరిదను ప్రశ్న యొక్కొకప్పుడు వచ్చినను, అది మనుష్యునితో ఆగిపోవుచున్నది. భూమి పోయిన రైతు కనబడును. ఆ రైతు గట్టుపై నిలిచియుండిన కొంగ కనబడదు.

ఇది భిలాయి రచయితల లోపము మాత్రమే యనుట అన్యాయము. అదే 1955వ సంవత్సరము డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. ఆ జలాశయమున మునుగవలసిన నాగార్జునకొండ శిథిలములను సంవత్సరములపాటు త్రవ్వి, కొన్నింటిని రాతికి రాయి లెక్కించి పైకి తరలించిరి. అది గర్వింపదగిన పని. ఆ లోయలోని దుప్పికి, ముళ్ళపందికి, ఉడుమునకు అట్టి జాబితా యున్నట్లు నే నెరుగను. ఆ రోజులలో ఆనకట్టకు స్వాగతము పలికిన పద్యములను తిరుగవేసితిని. కృష్ణవేణి స్త్రీయైనది, దేవతయైనది. జలచరములకును వనచరములకును నివాసమైన నదిగా మాత్రము కనబడలేదు. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో, కట్టడముల వెనుకనున్న కూలివానిని గూర్చి యడుగుట మన కవిత్వమునకు నేర్పెను. ఆ ప్రశ్నను ఇంకొక్క అడుగు ముందుకు నడిపింపవలసినవారము మనము. అడుగు పడలేదు.

ఇక నన్నయ యేమి చేసెనో చూడుడు. శ్వేతకి యజ్ఞమున ఏండ్లతరబడి నేయి త్రాగి అగ్నికి అజీర్ణము చేసినది. దానికి ఔషధము ఖాండవవనము. అతిగా తిన్నవానికి మరికొంత తిండి మందగుట! ఈ హాస్యము కఠోరమైనది, ఈనాటికిని పాతబడనిది. ఇంద్రుడు వాన కురిసిన బాణములు కప్పు కట్టెను. కృష్ణార్జునులు ఇరువైపుల నిలిచి తప్పించుకొన జూచిన ప్రతి ప్రాణిని మంటలోనికి మరల్చిరి. అడవిని చదును చేయుటలో నేటివారు పాటింపదలచు పద్ధతికి ఇది సరిగా వ్యతిరేకము. మిగిలియుండబోవు అడవికి ఎదురువైపున పని మొదలుపెట్టి, ఒకే దిశగా మెల్లగా సాగి, జంతువులు తమంత తాముగా తొలగిపోవుటకు దారి విడువవలెనని ఈ విషయము తెలిసినవారు చెప్పుదురు. నలువైపులనుండి యంత్రములు ఒకేసారి దిగిన చోట చేయునది ఖాండవదహనమే.

అట్టి వీరరసఘట్టము నడుమ కథ యుద్ధమును విడిచి ఒక గూటికి పోవును. మందపాలుడను ముని సంతానార్థమై శార్ఙ్గకపక్షియై జరిత యందు నలుగురు పిల్లలను గని, వారిని విడిచి లపిత వెంట పోయెను. అగ్ని ఖాండవమునకు బయలుదేరుట చూచిన తండ్రి, మంట గూటిని చేరకముందే అగ్నిని స్తుతించి పిల్లలకు అభయము పొందెను. మంచి తండ్రి కాడు, కాని సమయమెరిగినవాడు. గూటివద్ద జరిత విలపించుచున్నది. పిల్లలకు రెక్కలు రాలేదు, నలుగురిని మోయలేదు. ఎలుకకన్నమున దాగుడు, నేను మన్ను కప్పెదను, మంట చల్లారినపిదప తీసెదను అని చెప్పినది. పిల్లలు ఒప్పుకొనలేదు. కన్నములో ఎలుక తినుట నిశ్చయము, మంటను గాలి మరల్చినను మరల్చును అనిరి. ఎలుకను డేగ తన్నుకొనిపోవుట కన్నులార చూచితినని తల్లి యనగా, ఇంకొక ఎలుక యుండవచ్చును గదా యని వారు బదులిచ్చిరి.

ఈ సంవాదమును ధర్మసూక్ష్మమునకు ఉదాహరణముగ మాత్రమే పాఠములలో చెప్పుచుందురు. నేను దీనిని నివాసమును గూర్చిన చర్చగా చదువుచున్నాను. ఒక ప్రాణికి చోటు పోయినప్పుడు మరియొక చోటు చూపినంతమాత్రమున రక్షణ కాదు. ఆ రెండవచోట ఇదివరకే ఎవరో యున్నారు, లేదా అది ఆ ప్రాణికి చోటే కాదు. నేడు అడవి పోయినచోటికి మారుగా వేరొకచోట మొక్కలు నాటవలెనని చట్టము చెప్పుచున్నది. నాటిన మొక్కలు వరుసగా నిలిచిన టేకో నీలగిరియో యైనచో, తొర్రలలో గూడుకట్టు గోరువంకకు అది ఎలుకకన్నము. జరిత పిల్లలు వేసిన ప్రశ్న ఏ నివేదికలోనైనను మొదటిపుట నుండదగినది. వారు వేరొకచోటికి పోవుటను కోరలేదు, అగ్నినే మార్గము మార్చుకొమ్మని కోరిరి. అగ్ని మార్చుకొనెను.

దహనము ముగిసినపిమ్మట కవి లెక్క చెప్పును. తక్షకుని కుమారుడు అశ్వసేనుడు, మయుడు, నలుగురు శార్ఙ్గకులు. ఆరుగురు బయటపడిరి. పేరుపేరునను చెప్పెను. మన నిర్మాణసాహిత్యమునకు లేనిది కరుణ కాదు. కరుణ కావలసినంత కలదు. లేనివి ఈ లెక్కయు ఈ పేర్లును.

పేరు లేకపోవుట చిన్న లోపము కాదని కలివికోడి చెప్పుచున్నది. జెర్డన్ 1848లో లోకమునకు తెలిపిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికిని కానరాలేదు. నశించినదని పండితులు నిశ్చయించిరి. 1986 జనవరిలో కడప మండలపు లంకమల ప్రాంతమున మరల దొరికినది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారి అన్వేషణకు త్రోవ చూపినది ఆ పొదలలో రాత్రులు తిరుగు వేటగాండ్ర జ్ఞానము. కలివిపొదలలో తిరుగు కోడి కలివికోడి: నివాసమును పేరులోనే దాచుకొన్న మాట. శాస్త్రము పోయినదనుకొన్న ఎనుబదియారు సంవత్సరములును ఆ ప్రాణి మన భాషలో బ్రదికియే యున్నది. మన గ్రంథములలో మాత్రము లేదు. తరువాత తెలుగుగంగ కాలువ పనిలో 2005లో యంత్రములు ఆ పొదలను కొంత పెకలించెను; అభ్యంతరములు లేచినపిదప కాలువ మార్గము మార్చబడినది. ఒక పిట్టకొరకు కాలువ ప్రక్కకు జరిగినది. ఖాండవమున అగ్ని జరిగినట్లే. దీనికంటె కావ్యవస్తువు ఏమి కావలెను? అయినను దీనిపై చదువదగిన తెలుగు కథ యొక్కటియు నా కంటబడలేదు.

ఆధునికులలో విశ్వనాథవారు ‘వేయిపడగలు’లో పసరికను సృష్టించి పైరుపచ్చకు ప్రాణము పోసిరి. మహత్తర కల్పనయే; కాని పసరిక ప్రతీక. ప్రతీకకు గూడుండదు, గ్రుడ్లు పెట్టు మాసముండదు, నీటికి పోవు దారి యుండదు. పెద్దన యంతటివాడు వేటకు వచ్చిన స్వరోచికి లేడిరూపమున వనదేవతను ఎదురుచేసి, ఆమె గర్భముననే స్వారోచిషమనువును పుట్టించెను; మనుష్యులను పాలించువాడు అడవికి బిడ్డయగుట అక్కడి తాత్పర్యము. మన విమర్శ ప్రవరుని హిమాలయముపై వ్రాసిన పుటలలో పదియవవంతైనను ఈ లేడికి ఇచ్చియుండిన బాగుండెడిది.

భిలాయి రచయితకు నిజముగ పనికివచ్చు గ్రంథము తెలుగులో పుట్టినది కాదు, తెలుగునకు వచ్చినది. విభూతిభూషణుని ‘ఆరణ్యక’ను సూరంపూడి సీతారాముగారు ‘వనవాసి’గా అనువదించిరి. అందలి కథకుడు సత్యచరణుడు అడవిని చూచి మురిసిన యాత్రికుడు కాడు. అడవిని కొట్టించి రైతులకు పంచుటకు జీతమునకు వచ్చిన ఉద్యోగి. ఒక చేత కౌలుపట్టాలు వ్రాయుచు, రెండవచేత పోవుచున్నదానిని వ్రాసికొనెను. యుగళప్రసాదుడు సరస్వతీకుండ తీరమున ఎక్కడెక్కడివో పూమొక్కలు తెచ్చి నాటుట, అడవిదున్నల మందను ఉచ్చునుండి మరల్చు దేవుడు టాండ్‌బారో: ఇవి అడవి కొట్టించినవాని పుస్తకములోనివని మరువరాదు. ‘కర్మాగారము జీతము తినుచు కర్మాగారముపై ఎట్లు వ్రాయుదు’మని నన్నడిగిన మిత్రులకు నేనీ పుస్తకమునే చూపుదును. (అడవిదున్న నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమృగము. ఉదంతి అరణ్యమున వాని సంఖ్య వేళ్ళమీద లెక్కింపదగినంతకు దిగజారెను. టాండ్‌బారో చేయి అలసినది కాబోలు.)

ఒక సత్యమును దాచరాదు. భిలాయి దట్టమైన అడవిని కొట్టి కట్టిన ఊరు కాదు. అది వరిపొలముల, చెరువుల, ఇప్పచెట్ల, మోదుగుల నేల. దాని అడవి వేరొకచోట నున్నది. ఇనుపరాయి దాదాపు 90 కిలోమీటర్ల దక్షిణమున దల్లీరాజహరా కొండలనుండి వచ్చెను. ఆ రాయి తరిగిపోవుచుండగా చూపు ఇంకను దక్షిణమునకు, బస్తరు సీమలోని రావుఘాటునకు మరలినది. 2009లో ఆ గనికి అటవీ అనుమతి లభించినది. దల్లీరాజహరానుండి రావుఘాటు వరకు 95 కిలోమీటర్ల రైలుమార్గమునకు పూనుకొనిరి. అది ఎలుగులు, చిరుతలు తిరుగు అడవి. కొలిమి ఒకచోట, కాలినది వేరొకచోట. అందువలననే సెక్టారులో కూర్చుండి వ్రాయువానికి ఖాండవము కనబడుట లేదు. నన్నయ మయసభకు పోవుటకు ముందు గూటివద్ద ఆగెను. మనము సభలోనే పుట్టినవారము.

విలాపములు వ్రాయుమని నేననుట లేదు. పోయినపిదప వ్రాసిన విలాపము చదువరిని ఏడిపించి ఇంటికి పంపును. మందపాలుని స్తోత్రము మంట రాకముందు చేసినది. దాని విలువ అందున్నది. నిర్మాణము జరుగుచుండగా చేయదగిన పనులు ఎన్నియో యున్నవి. గూళ్ళుకట్టు నెలలలో చెట్టు కొట్టకుండుట, కొట్టకముందు తొర్రలు వెదకుట, త్రవ్విన గోతికి ఒకవైపు ఏటవాలు విడుచుట, రాత్రి దీపములను అడవివైపు తిప్పకుండుట. ఇవి కథకు పనికిరాని పొడిమాటలని తోచవచ్చును. హైదరాబాదు మీదుగ పోవు 44వ జాతీయరహదారి, నాగపురము దాటినపిదప పెంచ్ పులుల అడవిని చీల్చుకొనిపోవుచోట, మహారాష్ట్ర భాగమున జంతువులకై రోడ్డుక్రింద 9 దారులు కట్టిరి. అక్కడ అమర్చిన కెమెరాలకు పులి మొదలుగా 18 జాతుల జంతువులు చిక్కినవి. పైన లారీ, క్రింద పులి. నడుమ ఒక ఇంజనీరు గీసిన కాగితము. ఆ కాగితము గీయించుటకై కార్యాలయములలో జరిగిన వాదప్రతివాదములలో ఒక నవలకు చాలిన మనుష్యస్వభావమున్నది. భిలాయి తెలుగువారిలో ఇంజనీరులకు కొదువలేదు. వారిలో కథకులకును కొదువలేదు.

మయసభలో ఒక కొలనుండెను. అందు రత్నముల తామరలు, బంగరు తాబేళ్ళు ఉండెనని భారతకథ. భిలాయి వారును 1972లో మైత్రీబాగు అను ఉద్యానమును, అందులో జంతుశాలను ఏర్పరచిరి. సోవియట్ స్నేహమునకు గుర్తైన ఆ తోట తెల్లపులులకు పేరుపొందినది. ఆదివారము సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని తెలుగువారు చాలమంది అక్కడికి పోవుదురు. క్రిందటి చలికాలమున నేనును పోతిని. నా ముందు నిలిచిన ఒక తాతగారు మనుమనికి తెల్లపులిని చూపుచు, దాని తాతముత్తాతలు ఎక్కడివని పిల్లవాడడుగగా, బోర్డుపై వ్రాసినది చదువసాగిరి. అంతలో పైన కొమ్మమీద వాలిన పిట్టను చూపి, ‘అదేమి, తాతా?’ అని పిల్లవాడు మరల నడిగెను. దానికి బోర్డు లేదు. తాతగారు కొంతసేపు తలయెత్తి చూచి, ‘పిట్ట’ అనిరి.