ఇంట్లో నేర్చే అమెరికా

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే హోమ్‌స్కూలింగ్ 1993 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ చట్టసమ్మతమైంది. ఆ ఇళ్లలో చరిత్ర, పౌరశాస్త్రం చెప్పే తీరులు ఎన్నో ఉన్నా, లోతుగా వేళ్లూనినవి నాకు రెండు కనిపిస్తాయి: ‘క్లాసికల్’ పద్ధతి, షార్లెట్ మేసన్ పద్ధతి. అమెరికన్లు ఏ రాజ్యం నుంచి విడిపోయారో, ఆ విడిపోయిన కథను పిల్లలకు చెప్పే ఈ రెండు పద్ధతులూ ఆ రాజ్యం నుంచే వచ్చాయి. మొదటిదానికి ఊపునిచ్చింది 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ సేయర్స్ చేసిన ప్రసంగం. రెండోదానికి ఆధారం, అంతకు అర్ధశతాబ్దం ముందు ఆంబుల్‌సైడ్‌లో శిక్షణాలయం స్థాపించిన మేసన్ రచనలు.

మొదటి పద్ధతిని మనకు పరిచయం చేయనక్కర్లేదు. అమరం, ఎక్కాలు, శతక పద్యాలు అర్థం తెలియకముందే నోటికి పట్టించిన వీధిబడి ఏది నమ్మిందో సేయర్స్ కూడా అదే నమ్మింది: పసితనంలో జ్ఞాపకం చురుకు, ముందు దాన్ని నింపాలి, తర్కం వయసుతో వస్తుంది. సూసన్ వైజ్ బౌయర్ తన తల్లితో కలిసి 1999లో తెచ్చిన ‘ద వెల్ ట్రెయిన్డ్ మైండ్’ ఈ నమ్మకాన్ని పాఠ్యప్రణాళికగా మలిచింది. ప్రాచీన కాలం నుంచి నేటి దాకా నాలుగేళ్లలో ఒక చుట్టు; పన్నెండేళ్లలో మూడు చుట్లు. మొదటి చుట్టులో పిల్ల 1776, 1787, 1861 అని తేదీలు వల్లెవేస్తుంది. 52 మాటల ఒకే వాక్యంగా సాగే రాజ్యాంగ ప్రవేశికను గడగడా అప్పజెబుతుంది. రెండో చుట్టులో ‘ఎందుకు?’ అని నిలదీస్తుంది. మూడో చుట్టులో ఫెడరలిస్టు వ్యాసాలు ముందుపెట్టుకుని వాదిస్తుంది.

మేసన్ దారిలో మాత్రం తేదీకన్నా ముందు మనిషి ఎదురవుతాడు. మంచి పుస్తకంలోంచి ఒక అధ్యాయం, ఒక్కసారే చదువుతారు. వెంటనే పిల్ల దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. మధ్యలో తల్లి అడ్డు రాకూడదు. మళ్లీ చదవరని తెలుసు కనుక పిల్ల చెవులు రిక్కించి వింటుంది. అక్కడ అప్పజెప్పడంలో ఒక్క మాట తప్పినా లోపమే. ఇక్కడ ఏ ఇద్దరు పిల్లలూ ఒకేలా చెప్పకపోవడమే పద్ధతి పనిచేస్తున్నదనడానికి గుర్తు. అలాగని రెండింటికీ చుట్టరికం లేకపోలేదు. మేసన్ పౌరధర్మం పాఠంగా పెట్టింది ప్లూటార్క్ రాసిన జీవిత చరిత్రలను. క్లాసికల్ ఇళ్లవారికీ ఆయన ఆప్తుడే. విప్లవ యుద్ధం నడుస్తుండగా సైన్యపు జీతాల పుస్తకంలో అలెగ్జాండర్ హామిల్టన్ ఎత్తి రాసుకున్నది కూడా ప్లూటార్క్‌నే.

రెండు పద్ధతులకూ కఠినమైన పరీక్ష జెఫర్సన్ దగ్గర వస్తుంది. మనుషులంతా సమానులేనని ప్రకటన రాసిన ఆ మనిషి తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నాడు. వల్లెవేసే తేదీ ఈ బరువు మోయలేదు. మొదటి చుట్టులో నోటికొచ్చిన 1776, తల్లి పూనుకోకపోతే నాలుగేళ్లపాటు మచ్చలేని ఏడాదిగానే మిగిలిపోవచ్చు. కథ మోయగలదు. అయితే ఎవరు రాసిన కథ? మేసన్ అభిమానులు చాలామంది చేతికి తీసుకునే ‘దిస్ కంట్రీ ఆఫ్ అవర్స్’ హెచ్.ఇ. మార్షల్ 1917లో రాసింది. వచనం హాయిగా పారుతుంది, కాపీరైటు తీరింది కనుక ఉచితంగా దొరుకుతుంది. కానీ ఆదివాసుల గురించి, నల్లవారి గురించి ఆ కాలపు చూపు కూడా దానితోపాటే ఇంట్లోకి వస్తుంది. ఎంత ఇష్టంగా వింటే అంత లోతుగా నాటుకుంటుంది. ఆ పుస్తకాన్ని ఒంటరిగా చదివించకూడదని నా గట్టి అభిప్రాయం.

పక్కన ఫ్రెడరిక్ డగ్లస్ ఉండాలి. బానిసగా పుట్టిన ఆ పిల్లవాడికి యజమాని భార్య అక్షరాలు నేర్పబోతే భర్త ఆపించాడు. వీధిలో తెల్ల పిల్లల దగ్గర చదవడం నేర్చుకున్నాడు. పన్నెండేళ్ల ప్రాయంలో 50 సెంట్లు పెట్టి ‘ద కొలంబియన్ ఆరేటర్’ కొన్నాడు. అది కంఠతా పట్టి పలకడానికి కూర్చిన ఉపన్యాసాల పుస్తకం. అందులో ఒక బానిస తన యజమానిని వాదనలో గెలిచే సంభాషణ ఉంది. ఆ మాటల్ని మళ్లీ మళ్లీ చదివి తనలో నింపుకున్నవాడు 1845లో తన బతుకును తానే కథగా చెప్పాడు. 1852 జులై 5న రోచెస్టర్‌లో, బానిసకు ఈ స్వాతంత్ర్య దినం ఏమవుతుందని దేశాన్నే నిలదీశాడు. ఆ ఆత్మకథ మేసన్ పిల్లలు తిరిగి చెప్పదగింది, ఆ ప్రసంగం క్లాసికల్ పిల్లలు పలకదగింది.

చరిత్ర సంగతి ఇలా ఉంటే, పౌరశాస్త్రం దగ్గర రెండు పద్ధతులూ తడబడతాయి. టెక్సస్‌లో ఇంటి చదువుకు తప్పనిసరి అయిన అయిదు విషయాల్లో మంచి పౌరసత్వం ఒకటి. ఇంట్లో దాన్ని చదవవచ్చు. మనతో ఏకీభవించని పొరుగువాడు మాత్రం ఆ బల్ల దగ్గర ఉండడు. క్లాసికల్ కుటుంబాలు కలిసి వాదోపవాదాలు, నమూనా విచారణలు నడిపి ఆ లోటు కొంత పూడుస్తాయి. మేసన్ పిల్లకు అంత వాదనా బలం ఉండకపోవచ్చు. కానీ తన అభిప్రాయం చెప్పేముందు ఎదుటివారి మాటను నిజాయితీగా అప్పగించడం ఆమెకు అలవాటు. జ్యూరీలో కూర్చున్నప్పుడు నా పక్కన అలాంటి మనిషి ఉండాలని కోరుకుంటాను.

డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పెద్దలూ ఈ పాఠాలే చదువుతుంటారు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసుకున్నవారికి పౌరసత్వ పరీక్షలో 128 ప్రశ్నలు. అడిగేది 20, చెప్పాల్సింది 12. అక్కడ కంఠస్థమే గట్టెక్కిస్తుంది. అదే బల్ల దగ్గర పిల్ల చేత 1923 నాటి భగత్‌సింగ్ థింద్ కేసు చదివించవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన ఆ పంజాబీకి, తెల్లవాడు కాదన్న కారణంతో సుప్రీంకోర్టు పౌరసత్వం నిరాకరించింది. భారతీయులకు ఆ తలుపు తెరిచిన చట్టం 1946లో గాని రాలేదు. మనవాళ్లు పెద్దసంఖ్యలో రావడానికి దారి వేసింది 1965 వలస చట్టం. ఈ మూడు ఏళ్లూ వరసగా నోటికి రావాలి. తీర్పు విన్న రోజు థింద్‌కు ఎలా ఉండి ఉంటుందో పిల్ల తన మాటల్లో చెప్పాలి. ఆ తర్వాత న్యాయమూర్తుల తరఫున ఒకరు, థింద్ తరఫున ఒకరు నిలబడి ఇంట్లోనే వాదించుకోవాలి.